గాలి పట్టే డబ్బా

ఆ నాలుగో అంతస్తు సంగతి మీరు వినలేదంటే మీది మా వైపు కాదని లెక్క. నెల్లూరు నుంచి సముద్రం కల్లా పొయ్యే రోడ్డులో, రొయ్యల గుంటలు దాటంగానే, ఎడమ పక్కన పసుప్పచ్చ మేడ ఒకటుంది. కింద ఒక అంతస్తు, దాని మీద నాలుగు. కొత్త ఆసుపత్రి. పేరు మాత్రం అడగబాకండి. రేపు వాళ్ళ అంబులెన్సు తెచ్చి నా బండికి అడ్డం పెడతారు.

కట్టేటప్పుడు ఆ నాలుగో అంతస్తు అంచు మీంచి ఒక కూలి మనిషి జారి పడి చచ్చిపొయ్యింది. ఇసక తట్ట నెత్తిన ఉండంగానే పడిందంట. అప్పట్నుంచి... రాత్రి పన్నెండు దాటితే పైన తట్ట ఈడ్చిన చప్పుడు. దాని వెనకే "దాహం... దాహం..." అని గొంతు. దాని వెనకే మల్లెపూల వాసన. తెల్లచీర సరేసరి. దెయ్యాలన్నిటికీ ఎవురో కూపన్లు పంచినట్టు అన్ని ఊళ్ళలోనూ అదే చీర, అవే పూలు! ఆ మనిషి పేరేంది, ఏ ఊరు అని అడగండి... ఒక్కరికీ తెలీదు.

రంగులేసేవాళ్ళు పొద్దుగూకితే పైన ఉండేది లేదని దిగొచ్చేసినారు. గోడ సగం పసుపు, సగం సున్నం అట్నే ఉండిపొయ్యింది. నర్సులు మూడో అంతస్తు దాకా మేము, ఆ పైన మీ ఇష్టం అన్నారు. ఆసుపత్రి పెట్టిన పెంచలకృష్ణ డాక్టరు గారు గుండెల స్పెషలిస్టు. మంది గుండె కోసి చేత్తో పట్టుకోని చూసే మనిషి. నాలుగో అంతస్తుకి మాత్రం పట్టపగలు కూడా ఇద్దర్ని ఎంటబెట్టుకోని పోతాడు.

నా పేరు సామ్రాజ్యం. ఆ గేటుకి ఎదురుగా టిఫిను బండి నాదే. ఆర్నెల్లయింది పెట్టి. కారం దోశ, పులిబొంగరాలు, టీ. ఈ కథలో ఆఖరి రొంత ముక్క నేను కళ్ళారా చూసినా. మిగతాదంతా క్రాంతి చెప్పిందే. చెప్పేటప్పుడు మూడుసార్లు టీ పోసినా, మూడుసార్లూ వాడి ముందరే చల్లారిపొయ్యింది. అబద్ధం చెప్పేవాడు టీ అట్టా మరిచిపోడు.

క్రాంతి కుమార్ ఎవురంటే, కొడవలూరు పిలగాడు. హైదరాబాదులో ఏదో కంపెనీ. వాడి పని ఏందో నాకు మూడు రోజులు చెప్పినాడు, నాలుగో రోజు అర్థమయింది. బయట దోవ తెలీకపోతే ఫోనులో మ్యాపు చూసుకుంటాం గదా. అది పెద్ద బిల్డింగుల లోపల పనిచెయ్యదంట. ఇంటి కప్పు అడ్డమొచ్చి పైనున్న ఉపగ్రహానికి మనం కనబడమంట. అందుకని లోపలికి వేరే ఏర్పాటు. డాక్టరు యాడుండాడు, నర్సు యాడుంది, చక్రాల కుర్చీ ఎవురు ఏ మూలకి తోసి మరిచిపొయినారు... అంతా తెర మీద చుక్కలై కనబడతాది. ఏ వరండా, ఏ అంతస్తు, అన్నీ.

ఊరికే కనబడదు. ముందు దానికి బిల్డింగు నేర్పించాలంట, చంటిబిడ్డకి ఇల్లు చూపించినట్టు. పైకప్పుకి తెల్ల బిళ్ళలు అంటించి, నేల మీద గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు మీద నిలబడి, ఫోను ఎదకానించుకోని, నాలుగు దిక్కులకీ తిరిగి దిక్కుకి పది అంకెలు లెక్కపెట్టాల. అట్టాంటి గుర్తులు మూడు వందలు. అదీ రాత్రిపూటే చెయ్యాల. పగలు జనం ఉంటే ఆ బిళ్ళల సిగ్నలుని మనిషి ఒంట్లో ఉండే నీళ్ళు తాగేస్తాయంట.

రాత్రి కాపలా ముత్యాలయ్య మొదటిరోజు ఈ తిరుగుడు చూసి, "ఏం మొక్కు సార్?" అని అడిగినాడంట.

"ఉద్యోగం మొక్కు అన్నా" అన్నాడంట మావాడు.

అది మాత్రం నిజం. వాడింకా పర్మనెంటు కాలేదు. అయిపొయ్యిందని వాళ్ళింట్లో పెళ్ళివారికి చెప్పేసినారు, అది వేరే సంగతి. ఆ చుక్కల ఏర్పాటుకి ఇప్పటికే రెండుసార్లు పరీక్ష పెడితే రెండుసార్లూ తప్పింది. వరండాలు బాగానే చూపించింది, అంతస్తులే కలిపేసింది. మూడులో నిలబడిన డాక్టరు గారిని ఒకటో అంతస్తులో కాన్పుల వార్డులో చూపించింది. ఆయనకి ఎక్కళ్ళేని కోపమొచ్చింది. ఆఖరి పరీక్ష శనివారం పొద్దున ఎనిమిది గంటలకి. అది కూడా తప్పితే ఇంక రానక్కర్లేదని వాడి పై ఆఫీసరు ఉషారాణి ముఖం మీదే చెప్పేసింది.

ఆ శనివారం తెల్లారి అయిదుకే ఇంకో ముహూర్తం కూడా ఉంది. సోమవారం ఆసుపత్రి ప్రారంభం... అంతకుముందే నాలుగో అంతస్తుని బాగుచెయ్యాలని డాక్టరు గారు గూడూరు నుంచి రంగనాయకుల్ని పిలిపించినాడు. మంత్రగాడు. దెయ్యాన్ని ఇనప మేకులోకి దించి, ఆ మేకుని గోడలోకి కొట్టేస్తాడు. కొట్టినాక అది కదల్లేదు, మెదల్లేదు, గోడ ఉన్నన్నాళ్ళు అక్కడే. ఒకే పొద్దున అయిదుకి మేకు, ఎనిమిదికి కంప్యూటరు. గుండెల డాక్టరు గారు ఏదీ వదిలిపెట్టే రకం కాదు.

శుక్రవారం సాయంత్రం క్రాంతికి కంపెనీ నుంచి ఒక డబ్బా వచ్చింది. టిఫిను క్యారియరు గిన్నె అంత ఉంటాది, తెల్లది, పైన పచ్చలైటు. పైకి పొయ్యేకొద్దీ గాలి పలచబడతాదంట. ఆ తేడా పట్టుకోనే మనిషి ఏ అంతస్తులో ఉండాడో ఫోను చెప్తాదంట. కానీ సముద్రం పక్కన గాలికి మాటమీద నిలకడ యాడిది? గంటకో రకంగా మారతాది. ఆ మారడమే రెండుసార్లూ కొంప ముంచింది. అందుకని ఈ డబ్బాని కింది అంతస్తులో పెట్టి, ఇదే నేల, దీనికన్నా ఎంత పైన ఉండావో చూసుకోమని ఫోనుకి చెప్తారు.

కాపలా గదిలో గోడకి మేకు చూసి దానికి తగిలించినాడు. తగిలించి, ముత్యాలయ్యకి అర్థమయ్యేటట్టు చెప్పాలి గదా అని—అక్కడే నోరు జారింది వాడికి.

"ఇది గాలిని పట్టే డబ్బా అన్నా. ఈ బిల్డింగులో ఎవురు ఏ అంతస్తులో ఉన్నా దీనికి తెలిసిపోతాది."

ముత్యాలయ్య దాని కల్లా చానాసేపు చూసినాడంట. "మన కంటికి ఆనని వాళ్ళయినా తెలుస్తాదా సార్?"

"కంటికి కనబడని వాళ్ళ కోసమే గదా పెట్టేది! కరెంటు పొయినా రాత్రంతా పనిచేస్తాది. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోబాక."

ముత్యాలయ్య సరే అన్నాడంట.

రాత్రి పన్నెండు దాటింది. కింది అంతస్తు, ఒకటి అయిపొయినాయి. క్రాంతి రెండో అంతస్తులో ఆపరేషను గది ముందర గుర్తు మీద నిలబడినాడు. వరండా పొడుగునా ఒకే ఒక లైటు. లిఫ్టులింకా కరెంటుకి కలపలేదు. ఫోను తెర మీద వాడి నీలం చుక్క... పక్కన అంతస్తు అంకె. రెండు.

తూరుపుకి తిరిగి పది లెక్కపెట్టినాడు. దక్షిణానికి తిరిగి పది. పడమటికి తిరిగి... ఏడు... ఎనిమిది...

అంకె మారింది. ఒకటి.

వాడు అడుగు కూడా కదల్లేదు. ఫోను దులిపి చూసినాడు. ఒకటే.

అప్పుడు వినబడింది. వరండా చివర వెనక మెట్లున్నాయి, వాటి మీద... ఎవురో ఎక్కతా ఉండారు. ఒక్కో మెట్టు... ఆగి... మళ్ళా ఒక్కో మెట్టు. కాలు ఈడ్చుకుంటా.

"ఎవురూ?" అన్నాడు.

అడుగులు దగ్గరికొచ్చినాయి. మెట్ల తలుపు అవతల, వాడుండే అంతస్తు కాడికొచ్చి... నిలబడినాయి. ఎవురో ఊపిరి పీలుస్తున్నారు. తలుపు సందులోంచి వాసన. మల్లెపూలు!

చూస్తే తెర మీద అంకె సున్నా. అంటే వాడు కింది అంతస్తులో ఉన్నట్టు.

అడుగులు మళ్ళా మొదలైనాయి. పైకి. అవి పైకి పొయ్యేకొద్దీ వాడి చుక్క కిందికి... మైనస్ ఒకటి.

ఆ బిల్డింగుకి నేల కింద గది లేదు. సముద్రం పక్కన భూమి గదా, నాలుగడుగులు తవ్వితే ఉప్పునీళ్ళు. మైనస్ ఒకటి అంటే ఇసకలో ఉన్నట్టు. కాసేపటికి మైనస్ రెండు. నిలబడినవాడు నిలబడినట్టే భూమిలోకి దిగబడిపోతా ఉండాడు... పైన అడుగులు ఆగిపొయినాయి.

వాడికి అనుమానమొచ్చింది... నేను బతికే ఉండానా? చచ్చినవాడు ఫోటోలో పడడు అని ఎవురో చెప్పింది గుర్తుకొచ్చి, తన ఫోటో తనే తీసుకున్నాడు. పడింది. నోరు తెరుచుకోని, కళ్ళు గుడ్లగూబవి... ఆ ముఖం నాకు చూపించినాడులే. ఆ ఫోటో పెళ్ళివారికి పంపి ఉంటే వాళ్ళ పీడా వదిలేది.

ఉషారాణికి ఫోను చేసినాడు. నిద్ర గొంతుతో ఎత్తింది.

"అక్కా... నేను భూమి కింద ఉండాను."

"తాగినావా?"

"లేదక్కా... రెండంతస్తుల కింద. ఇంకా దిగతానేమో."

ఆమె నిద్ర వదిలి తిట్టింది. "నువ్వు దిగలేదురా సన్నాసీ, డబ్బా ఎక్కింది. డబ్బా ఉన్నచోటే నేల అనుకుంటాది అది. దాన్ని పైకి ఎత్తుకోని పోతే నువ్వు కిందికి పొయినట్టే చూపిస్తాది. ఎవురో తీసినారు. పో, తెచ్చి యథాస్థానంలో పెట్టు. పొద్దున పరీక్ష తప్పితే మాత్రం నాకు ఫోను చెయ్యబాక, నేరుగా కొడవలూరు బస్సెక్కు."

ముందరి మెట్ల మీద వాడు దూకినాడో, దొర్లినాడో. కాపలా గది తలుపు తీసే ఉంది. గోడకి మేకు ఉంది, డబ్బా లేదు. ముత్యాలయ్యా లేడు.

"ముత్యాలన్నా..." వీధి గేటు దాకా పోయి పిలిచినాడు. గేటుకి లోపల తాళం వేసినట్టే ఉంది. బయటోళ్ళు లోపలికి రాలేదు, లోపలోళ్ళు బయటికి పోలేదు.

తెర చూసుకున్నాడు. మైనస్ నాలుగు.

లెక్క వాడికి వద్దన్నా వచ్చేసింది. తానుండేది కింద. తనకన్నా నాలుగంతస్తుల పైన డబ్బా. డబ్బా నాలుగో అంతస్తులో ఉంది.

గేటు తాళం తీయించుకోని పారిపోవచ్చు. తీసేవాడు లేడు. గోడ దూకి పోవచ్చు. పోతే పొద్దున ఎనిమిదికి ఉద్యోగం పాయె. దెయ్యం పట్టుకుంటే చస్తానో లేదో తెలీదు, ఉషారాణి పట్టుకుంటే మాత్రం ఖాయం అనుకున్నాడంట. దేవుడు లేడు, గీవుడు లేడు అని నా బండి కాడ రోజూ వాదం పెట్టేవాడు, మెట్టుకొక ఆంజనేయస్వామిని తల్చుకుంటా పైకి బయలుదేరినాడు.

ఒకటో అంతస్తు. మైనస్ మూడు.

రెండు. మైనస్ రెండు. మెట్ల మీద ఒక మల్లెపువ్వు పడి ఉంది. దాన్ని తొక్కకుండా దాటినాడు.

మూడు. మైనస్ ఒకటి.

నాలుగు.

ఫోను ముద్దుగా చెప్పింది—మీరు కింది అంతస్తులో ఉన్నారు.

చీకటి. సగం పసుపు, సగం సున్నం గోడలు. ప్లాస్టిక్ కవర్లు తియ్యని మంచాలు వరసగా... కిటికీల్లోంచి సముద్రం గాలొచ్చి ఆ కవర్లు గరగరమంటా ఉంటే, అన్ని మంచాల మీదా ఎవురో పక్కకి తిరిగి పడుకున్నట్టే ఉందంట. మల్లెపూల వాసన గట్టిగా కొడతా ఉంది. ఆ చివర, నేల మీద, పచ్చగా ఒక వెలుగు. దాని పక్కన గొంతు. గుసగుస.

"రా... భయపడబాక..."

క్రాంతి పక్క మంచం చాటుకి నక్కినాడు.

"తల వంచుకోని రా... ఇరుకే, నాకూ తెలుసు... రొంత సర్దుకో. తెల్లారేదాకానే గదా..."

ఇరుకే, సర్దుకో అనే దెయ్యం ఏందబ్బా అనిపించింది వాడికి. అట్టా అనిపించబట్టే చేతులు ఆడినాయి, ఫోను లైటు వేసినాడు.

ముత్యాలయ్య! కాపలా చొక్కా తీసి పక్కన మడిచి పెట్టుకోని, కిటికీ గోడ కింద నేల మీద కూచోనుండాడు. ముందర డబ్బా. డబ్బాకి చుట్టూ రెండు మూరల మల్లెపూలు చుట్టి ఉన్నాయి.

"లైటు తియ్యి సార్" అన్నాడు, చెయ్యి అడ్డం పెట్టుకోని. "జడుసుకుంటాది."

"ఎవురు?"

"కామమ్మ."

"కామమ్మ ఎవురు?"

"నా పెళ్ళాం సార్. ఇక్కణ్ణుంచే గదా పడిపొయ్యింది. అప్పుడింకా ఈ గోడ కట్టలేదు."

ఇది క్రాంతి నోట వినంగానే నా తల తిరిగింది. ఎందుకో చెప్తా. ఆర్నెల్లుగా రోజూ పొద్దున్నే ఆ మనిషికి నేను టీ పోస్తా ఉండా. పోస్తా పోస్తా, తెల్లచీర దెయ్యం కథ ఆయనకే చెప్పినా! ఒకసారి కాదు, వచ్చినవాళ్ళ ముందర రొంత ఉప్పూకారం కలిపి మరీ. తట్ట ఈడ్చే చప్పుడు నోటితో చేసి చూపించినా. ఆయన గ్లాసు కడిగి పెట్టి గమ్మున పొయ్యేవాడు. నా నోరు పడిపోను. ఇట్టాంటి సిగ్గు నేను జన్మలో పడలేదు.

క్రాంతి లైటు ఆపేసినాడు. పచ్చలైటు ఒకటే మిగిలింది.

"తెల్లచీర అంటారు సార్ అందరూ" అన్నాడు ముత్యాలయ్య. "ఆమెకి తెల్లచీరే లేదు. ఆ పొద్దు ఆకుపచ్చది కట్టుకోని, పైన నా చొక్కా తొడుక్కోనుంది, సిమెంటు పడకుండా. బొత్తాం ఒకటి లేకపోతే పిన్నీసు పెట్టుకున్నింది."

వాళ్ళది విడవలూరు అవతల సముద్రం ఒడ్డు పల్లె. పడవ పగిలిపోతే, బాగుచేసుకునేదాకా అని ఇద్దరూ ఇక్కడ కూలికొచ్చినారంట. ఆమె పొయినాక కంట్రాక్టరు ఈయనకి కాపలా పని ఇప్పించినాడు.

"రెండేళ్ళు సార్. రాత్రంతా మెలకువగానే ఉంటా. రంగులోళ్ళకి కనబడిందంట, నర్సులకి కనబడిందంట... నాకు తట్ట చప్పుడన్నా వినబళ్ళేదు. నా మీద ఏమన్నా కోపమేమో. ఆ పొద్దు ఒళ్ళు బాగలేదు, పోను అన్నింది. నేనే పోదాం పా అన్నా." డబ్బా మీది పూలు సర్దినాడు. "తెల్లారితే ఆయనొచ్చి మేకు కొట్టేస్తాడు గదా. రొంతసేపు ఒకచోట కూచుంటే కాళ్ళు పట్టేసినాయి అని లేచి తిరిగే మనిషి సార్. గోడలో బిగిస్తే ఎట్టా ఉంటాది?"

"దానికీ డబ్బాకీ..."

"గాలిని పట్టే డబ్బా అని నువ్వే గదా చెప్పినావు. ఇందులోకి పిలుచుకోని మొదటి బస్సుకి మా పల్లెకి ఎత్తుకోని పోతా. మళ్ళా తెచ్చిస్తా సార్ నీ డబ్బా, దొంగతనం కాదు."

అప్పుడు దిగింది వాడి బుర్రలోకి. గాలి! ఇంజనీరింగు చదివితే చదివినాడు, నెల్లూరు జిల్లాలో పుట్టినవాడికి ఆ మాత్రం తెలియొద్దా? మా వైపు ఎవురికన్నా గాలి సోకిందంటే పరిగెత్తి ఫ్యాను ఆపుతామా? తాయెత్తు కట్టిస్తాం. వీడు పొయి పొయి, దెయ్యముందని ఊరంతా చెప్పుకునే ఇంట్లో, ఆ దెయ్యం మొగుడి చేతిలో పెట్టి ఇది గాలిని పట్టే డబ్బా అన్నాడు.

"అన్నా, నేను చెప్పిన గాలి..." అని మొదలుపెట్టినాడు.

ముత్యాలయ్య ముందుకి వంగి వింటా ఉండాడు. పచ్చలైటులో ఆయన కళ్ళు కనబడినాయంట.

ఆ మాట పూర్తి చెయ్యలేకపొయినానక్కా అన్నాడు నాతో. చెయ్యకపోవడమే మంచిదయింది. చేసి ఉంటే మళ్ళా నా బండి కాడికి రానిచ్చేదాన్ని కాదు.

"వచ్చిందా సార్?" అని ముత్యాలయ్యే అడిగినాడు, గుసగుసగా. "నీకు తెలుస్తాది గదా. చూసి చెప్పు. వచ్చిందా?"

క్రాంతి ఫోను చూసినాడు. సున్నా. దాంట్లో ఏముంది చూసేదానికి? చూసినట్టు చూసి, తల పైకెత్తి, "వచ్చిందన్నా" అన్నాడు.

ముత్యాలయ్య డబ్బాని రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడవలేదు. "ఎంత చల్లగా ఉందో చూడు" అన్నాడు ఒకసారి. అంతే.

ఇప్పుడు ఇంకో చిక్కు. ఆ డబ్బా పల్లెకి పోతే ఎనిమిదికి పరీక్ష పాయె, వాడి ఉద్యోగం పాయె. లాక్కుంటే ఈ మనిషి పాయె. వాడు జీవితంలో మొదటిసారి బుర్ర సరిగ్గా వాడినాడు.

"అన్నా... మీ పల్లెకి ఎత్తుకోని పోతే ఆమె కాడ ఎవురుంటారు? నువ్వు రాత్రంతా ఇక్కడే గదా డ్యూటీ."

ముత్యాలయ్య డబ్బాని ఇంకా దగ్గరికి పొదువుకున్నాడు.

"ఇది కాపలా గదిలో నీ తల పక్కనే గోడకి ఉంటాది. ఎవురూ తియ్యరు. తియ్యనీను. అక్కడ ఒంటరిగా ఉండేదానికన్నా..."

"కాపలా గదికి కిటికీ ఉంది సార్" అన్నాడు ముత్యాలయ్య. "రోడ్డు కనబడతాది. ఆమెకి వచ్చేపొయ్యేవాళ్ళని చూస్తా కూచోవడం ఇష్టం."

దిగినారు. ముందు ముత్యాలయ్య, తుండుగుడ్డలో డబ్బాని ఎదకి పొదువుకోని. వెనక క్రాంతి. మలుపు మలుపుకీ ఆయన "మెట్టు... చూసుకో" అంటా ఉండాడంట. తనకి చెప్తున్నాడని మావాడు రెండుసార్లు "ఆఁ" అన్నాడు. మూడోసారి ఊరుకున్నాడు. ఫోను మాత్రం నాలుగు కాడ సున్నా, మూడు కాడ సున్నా, రెండు కాడ సున్నా... డబ్బా పక్కనే గదా నడిచేది. యాడ అడుగుపెడితే అదే నేల.

డబ్బా మేకుకి ఎక్కింది. అంకెలు దారికొచ్చినాయి. మిగిలిన గుర్తులన్నీ వాడు నాలుగున్నరకల్లా తిరిగేసినాడు, నాలుగో అంతస్తుతో సహా, ఒక్కడే. ఎనిమిది గంటల పరీక్ష సంగతి ఇప్పుడే చెప్పేస్తా. పాసయినాడు. డాక్టరు గారిని ఏ అంతస్తులో నిలబెడితే ఆ అంతస్తులోనే చూపించింది.

అయిదింటికి జరిగింది నేను చూసినా. అప్పటికి ఈ రాత్రి సంగతి నాకు ముక్క కూడా తెలీదు. క్రాంతి నాకు చెప్పింది ఆరు దాటినాక. అది గుర్తుపెట్టుకోండి.

రంగనాయకులు స్కూటరు మీద వచ్చినాడు. గడ్డానికి రంగు, తలకి హెల్మెట్టు, హెల్మెట్టు తీస్తే కుంకం బొట్టు. సంచిలో నిమ్మకాయలు, మేకులు, సుత్తి. డాక్టరు గారు గేటు కాడే కాసుకోనుండాడు, ఇద్దరు కాంపౌండర్లని చెరో పక్క పెట్టుకోని. నలుగురూ పైకి పొయినారు. గంట పడుతుందేమో అనుకుంటే, నేను పాలు పొంగించి దించేలోపే కిందికొచ్చేసినారు. ముందు రంగనాయకులు.

"అదేందయ్యా, మేకు కొట్టకుండానే?" అంటా ఉండాడు డాక్టరు గారు వెనకే.

"పైన ఏమీ లేదు సార్. ఖాళీ."

"ఇన్నాళ్ళు ఉందే!"

"ఉండింది. నిన్నటిదాకా ఉండింది. ఇప్పుడు లేదు. లేనిదానికి మేకెట్టా కొట్టేది? నేను అట్టాంటి మనిషిని కాదు."

సుత్తి సంచిలో పడేసుకోని హెల్మెట్టు పెట్టుకుంటా స్కూటరు కాడికి పోతా ఉండాడు. నేను అప్పుడే ముత్యాలయ్యకి రోజూ ఇచ్చే టీ పట్టుకోని కాపలా గది గడపలో నిలబడున్నా. ముత్యాలయ్య తన కుర్చీలో కూచోని, కిటికీలోంచి రోడ్డు చూస్తా ఉండాడు. రాత్రంతా నిద్రలేని ముఖం. అయినా ఎన్నడూ లేంది, ఆ ముఖం తేటగా ఉంది.

రంగనాయకులు మమ్మల్ని దాటి రెండడుగులు పొయినాడు. ఆగినాడు. వెనక్కొచ్చి గదిలోకి తొంగి చూసినాడు.

"ఏం మనిషివయ్యా నువ్వు?" అన్నాడు ముత్యాలయ్యని, కోపంగానే. "నువ్వు కుర్చీలో కూచోని, ఆడమనిషిని అట్టా నిలబెడతావా? కూచోనీ ఆమెని."

నాకు నవ్వొచ్చింది. మంత్రగాళ్ళలో మర్యాదస్తులు కూడా ఉన్నారే అనుకున్నా. "పర్లేదులే స్వామీ, నాకెందుకు కుర్చీ, టీ ఇచ్చి పోతా" అన్నా.

ఆయన నా కల్లా చూడను కూడా లేదు.

"నీకు కాదమ్మా" అన్నాడు.

ముత్యాలయ్య లేచి నిలబడినాడు.